మనాస్ సరకు విమాన దుర్ఘటన (2017)

మధ్య ఆసియాలోని కిర్గిజ్‌స్థాన్ దేశపు రాజధానియైన బిష్కెక్ నగరమునకు చేరువనున్న మనాస్ అంతర్జాతీయ విమానాశ్రయమున, 2017 జనవరి 16వ తేదీ ఉదయము స్థానిక కాలమానము ప్రకారము 7 గంటల 17 నిమిషములకు, హాంకాంగ్ నుండి ఇస్తాంబుల్ నగరమునకు పోవుచు మార్గమధ్యమున దిగబోయిన బోయింగ్ 747-412ఎఫ్ సరకు విమానము, దట్టమైన పొగమంచులో రన్‌వేను మొదటినుండి తుదివరకు గాలిలోనే దాటిపోయి, దాని తుదకు సుమారు 930 మీటర్ల ఆవల నేలను తాకి, డాచా-సూ అను గ్రామముపై బడి దగ్ధమయ్యెను. విమానమునందలి నలుగురు సిబ్బందియు, సూర్యోదయమునకు పూర్వమే తమ యిండ్లలో నుండగనే మృత్యువాతబడిన 35 మంది గ్రామస్థులును కలసి 39 మంది ఈ దుర్ఘటనకు బలియైరి. మరునాటిని కిర్గిజ్ ప్రభుత్వము జాతీయ సంతాపదినముగ ప్రకటించెను.

వైమానిక భద్రతా శాస్త్రమున ఈ దుర్ఘటనకు విశేష స్థానము కలదు. ఏలయన, ఇందు ఇంజనులు ఆగిపోలేదు, రెక్కలు విరుగలేదు, ఇంధనము కొరవడలేదు. విమానాశ్రయమునందలి రేడియో సాధనములును తమ సంకేతములను యథావిధిగ పంపుచునే యుండెను. సిబ్బంది యదుపులో నున్న ఆరోగ్యవంతమైన విమానము, తాను సరియైన త్రోవనే దిగుచున్నానన్న సూచనలతో దిగిదిగి నేలను గూలెను. ఇట్టి దుర్ఘటనలను వైమానిక శాస్త్రజ్ఞులు నియంత్రిత స్థితిలో భూమిని తాకుట యను ప్రత్యేక వర్గమున జేర్చుదురు. కన్ను పనిచేయని చోట ఒకే సాధనము చెప్పు మాటను, దానికి వేరగు మరియొక సాక్ష్యముతో సరిచూచుకొనక నమ్మినచో, నిర్దుష్టమైన యంత్రము సైతము మనుజుని యెట్లు వినాశమునకు గొనిపోగలదో ఈ ఘటన నిరూపించుచున్నది.

విమానము, ప్రయాణము, వాతావరణము

2003లో నిర్మితమై టీసీ-ఎంసీఎల్ అను గుర్తింపు గల ఈ విమానమును టర్కీ దేశపు ఏసీటీ ఎయిర్‌లైన్స్ సంస్థ, టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారి తరఫున 6491వ నెంబరు సర్వీసుగ నడుపుచుండెను. హాంకాంగ్‌లో అర్ధరాత్రి దాటిన పిదప బయలుదేరి, చైనా దేశము మీదుగ సుమారు ఆరు గంటలు రాత్రివేళనే పయనించి, విమానము మనాస్‌ను సమీపించెను. సిబ్బంది పనివేళలు అప్పటికే దీర్ఘమైయుండెను. వేకువకు ముందరి గంటలలో మానవ శరీరము స్వభావముచేతనే నిద్రను గోరును, అవధానము సన్నగిల్లును. సరిగా అట్టి సమయముననే అత్యంత సూక్ష్మమైన పరిశీలనను గోరు కార్యము వారి యెదుట నిలిచినది.

బిష్కెక్ నగరము చూ నదీ లోయలో నెలకొనియున్నది. దక్షిణమున కిర్గిజ్ అలా-తూ పర్వతశ్రేణి నాలుగు వేల మీటర్లను మించిన శిఖరములతో గోడవలె నిలిచియుండుటచేత, ఆ దిక్కునుండి వచ్చు విమానములు పర్వతములను దాటువరకు చాల యెత్తుననే యుండవలసివచ్చును. దాటిన తరువాత నున్న కొలది దూరములోనే సముద్రమట్టమునకు 627 మీటర్ల, అనగా సుమారు 2057 అడుగుల యెత్తుననున్న విమానాశ్రయమునకు దిగిరావలయును. కనుక మనాస్‌కు వచ్చు పైలట్ తన దిగుడును ముందుగనే చక్కగా లెక్కించుకొనవలసియుండును.

ఇక పొగమంచు సంగతి. గాలి నిలిచియున్న శీతకాలపు నిర్మలమైన రాత్రులందు నేల తన వేడిమిని ఆకాశములోనికి కోల్పోయి చల్లబడగా, దాని నంటియున్న గాలియు చల్లబడి, అందలి నీటియావిరి సూక్ష్మబిందువులుగ మారును. లోయలలో చల్లని గాలి బరువుచే అడుగున జేరి, పైనున్న వెచ్చని గాలి మూతవలె గప్పుటచే, ఆ మంచు కదలక నిలిచిపోవును. ఉత్తర హిందూస్థానపు మైదానములలో పుష్య మాఘములందును, అప్పుడప్పుడు మన గన్నవరము విమానాశ్రయమునందును విమానముల రాకపోకలకు అంతరాయము గలిగించు మంచు ఈ జాతిదే. ఆనాడు మనాస్‌లో కొలది వందల మీటర్లకు మించి కంటికేమియు గోచరించుట లేదు. అయినను, అక్కడి అవతరణ సాధనములకు, కనుచూపు మిక్కిలి తక్కువగ నున్నప్పుడును దిగుటకు వీలొసగు రెండవ శ్రేణి యర్హత యుండుటచే, ఆ పరిస్థితిలో దిగుటకు ప్రయత్నించుట నియమవిరుద్ధము కాదు.

అవతరణ సాధనము: ఐ.ఎల్.ఎస్.

మంచులోను రాత్రియందును విమానమును రన్‌వేకు జేర్చు సాధనమునకు ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్ అని పేరు, వాడుకలో ఐ.ఎల్.ఎస్. అందురు. ఇందు రెండు రేడియో సంకేతములు ప్రధానములు. రన్‌వే ఆవలి తుదనుండి వచ్చు లోకలైజరు సంకేతము, విమానము రన్‌వే మధ్యరేఖకు కుడివైపున నున్నదో ఎడమవైపున నున్నదో తెలుపును. రన్‌వే ప్రక్కన, విమానము నేలను తాకవలసిన తావునకు సమీపమున నిలిపిన యాంటెన్నానుండి వచ్చు గ్లైడ్‌స్లోప్ సంకేతము, దిగవలసిన వాలు రేఖకు విమానము పైన నున్నదో క్రింద నున్నదో తెలుపును. ఆ వాలు సాధారణముగ 3 డిగ్రీలు. 90 ఆవృత్తులు, 150 ఆవృత్తులు గల రెండు ధ్వనితరంగములను మోసుకొనివచ్చు కిరణములు ఏ కోణమున సమబలములగునో ఆ కోణమే దిగవలసిన త్రోవ. అప్పుడు విమానమునందలి సూచిక నడిమికి వచ్చును.

ఈ యేర్పాటునందు ఒక సహజదోషము కలదు. యాంటెన్నా వెదజల్లు తరంగములు నేలమీద బడి ప్రతిఫలించి, నేరుగ వచ్చు తరంగములతో గలియుటవలన, నిజమైన వాలునకు పైభాగమున, అందును ముఖ్యముగ 9 డిగ్రీల కోణమున, అదే సమబలస్థితి మరల గలుగును. అక్కడను సూచిక నడిమికే వచ్చును. దీనినే మిథ్యా గ్లైడ్‌స్లోప్ అందురు. ఇది యే యొక్క విమానాశ్రయపు లోపమును కాదు. ఈ పద్ధతితో బాటు పుట్టినదే, పైలట్లందరకు శిక్షణలో బోధింపబడునదే. అందువలననే వాలు రేఖను ఎల్లప్పుడును క్రిందినుండియే అందుకొనవలెను, పైనుండి అందుకొనరాదు అను నియమము ఏర్పడినది. క్రిందినుండి వచ్చు విమానమునకు మొదట ఎదురగునది నిజమైన కిరణమే. పైనుండి వచ్చుదానికి మిథ్యా కిరణము ముందుగ దగులవచ్చును.

ఏది నిజమో ఏది మిథ్యయో తెలిసికొనుట కష్టము కాదు. 3 డిగ్రీల వాలుపై దిగు విమానము ఒక నాటికల్ మైలు పోవునప్పటికి సుమారు 300 అడుగులు దిగును. అనగా నేలకు వేయి అడుగుల యెత్తుననున్నప్పుడు అవతరణస్థలమునకు మూడు నాటికల్ మైళ్లకు కొంచెము పైగా దూరముండవలెను. అట్లుగాక ఒక మైలు దూరముననే వేయి అడుగులుండెనేని సూచిక యెంత నడిమినున్నను అది మిథ్య. ఎత్తును దూరముతో సరిచూచు ఈ చిన్న లెక్కయే మంచులో దిగు పైలట్‌కు రెండవ సాక్ష్యము.

ఘటనాక్రమము

అవతరణ పటమునందలి టోక్పా అను బిందువును విమానము నిర్ణీతమైన యెత్తునకు చాల పైగా దాటెను. తాము ఎత్తుగనున్నామన్న సంగతి సిబ్బందికి తెలియకపోలేదు. తమ్ము కంట్రోలర్లు పైననే నిలిపియుంచిరని వారు, ముఖ్యముగ కెప్టెన్, ఉద్వేగముతో చర్చించుకొనిరి. కాని కంట్రోలర్ల ఆదేశములు నియమబద్ధములే యని తరువాతి విచారణలో తేలినది. ఎత్తును త్వరగా తగ్గించుకొనుటకును, అది సాధ్యముగానిచో మరియొక చుట్టు తిరిగి వచ్చుటకును తగిన ప్రయత్నము జరుగలేదు.

విమానము దిగుచు సముద్రమట్టమునకు 3400 అడుగుల యెత్తును జేరి, అక్కడ సమతలముగ సాగెను. ఆ యెత్తు విమానాశ్రయపు నేలకు 1300 అడుగులకు పైబడినది. సరియైన 3 డిగ్రీల వాలును ఆ యెత్తున అందుకొనవలెనన్న యాంటెన్నాకు సుమారు 8 కిలోమీటర్ల దూరముననే యుండవలెను. ఆ తావును విమానము ఇంకను పైనుండగనే దాటిపోయెను. తరువాత, 9 డిగ్రీల మిథ్యా కిరణము ఆ యెత్తుతో గలియు చోటికి, లెక్కకు రెండున్నర కిలోమీటర్లకు కొంచెము పైగా దూరమునకు, అనగా రన్‌వే యెదుటికే, వచ్చినప్పుడు సూచిక కదలి నడిమికి వచ్చెను. ఆటోపైలట్ దానిని నిజమైన వాలుగ స్వీకరించి విమానపు ముక్కును దించెను.

మిథ్యా కిరణము నిలుకడగలది కాదు. కొలదిసేపటికే ఆ సంకేతము చెడగా, బోయింగ్ 747-400 ఆటోపైలట్ తన నిర్మాణమునందలి యేర్పాటు ననుసరించి, సంకేతముతో నిమిత్తము లేకయే, విమానముననున్న గమనమాపక సాధనముల యాధారముతో 3 డిగ్రీల వాలున దిగుటకు ఉపక్రమించెను. సంకేతము క్షణకాలము తెగిపోయినచో విమానము తడబడకుండుటకై చేసిన యేర్పాటిది. కాని ఇక్కడ ఆ 3 డిగ్రీల రేఖ రన్‌వే మొదలునకు గాక, ఊరిమీదికి దారితీయుచుండెను. మనాస్ రన్‌వే పొడవు 4200 మీటర్లు; అంత దూరము 3 డిగ్రీల వాలున దిగినచో సుమారు 220 మీటర్ల యెత్తు తగ్గును. రన్‌వే ఈవలి యంచును అంతకు మించిన యెత్తున దాటిన విమానము, ఆవలి యంచు దాటిన పిమ్మటనే నేలను జేరునన్నది దీనిచే స్పష్టము.

ఈ లోపల హెచ్చరికలు రాకపోలేదు. ఆటోపైలట్ విషయమున జాగరూకులు కావలెనని తెలుపు సంకేతము ధ్వనితోను వెలుగుతోను వచ్చెను. భూసామీప్యమును దెలుపు యంత్రము గ్లైడ్‌స్లోప్ అన్న హెచ్చరికను పలుమార్లు వినిపించెను. వేయి అడుగులకు లోపల, రన్‌వేగాని దాని దీపములుగాని కనబడని స్థితిలో, ఈ రెంటిలో ఏది వచ్చినను అవతరణయత్నమును విడిచి పైకి లేవవలెనని సంస్థవారి నియమావళియే శాసించుచున్నది. పైలట్లు గో-అరౌండ్ అని వ్యవహరించు చర్య ఇదే: ఇంజనులకు పూర్ణశక్తి నొసగి, ముక్కు పైకెత్తి, మరల చుట్టు తిరిగి వచ్చుట. ఆ చర్య జరుగలేదు. రన్‌వే కనబడకున్న తప్పక పైకి లేవవలసిన నిర్ణయోన్నతి ఆనాడు 99 అడుగులు. కెప్టెన్ గో-అరౌండ్ ప్రారంభించునప్పటికి నేలకు 58 అడుగులు మాత్రమే మిగిలియుండెను. వందల టన్నుల బరువుతో దిగుచున్న విమానము దిగుటమాని లేచుటకు కావలసిన యెత్తు, కాలము రెండును అప్పటికే గడచిపోయినవి.

విచారణ నిర్ణయించిన కారణములు

మాస్కోలో కేంద్రము గల అంతర్‌రాజ్య విమానయాన సంఘము సాంకేతిక విచారణ జరిపి, తుది నివేదికను 2020లో వెలువరించెను. స్వయంచాలకముగ దిగుచున్న విమానము గ్లైడ్‌స్లోప్‌ను బట్టి ఎక్కడ నున్నదో సిబ్బంది పరిశీలింపకపోవుటయు, నిర్ణీతమార్గమునుండి మిక్కిలి తొలగియున్నను సకాలమున గో-అరౌండ్ చేయకపోవుటయు మూలకారణములని నివేదిక నిర్ధారించెను. దానికి దోహదమొనర్చిన అంశములను పెక్కింటిని పేర్కొనెను. వానిని నాలుగు తెగలుగ విభజింపవచ్చును.

మొదటి తెగ సన్నాహమునకు సంబంధించినది. మనాస్ అవతరణ పటములను ప్రయాణమునకు ముందు సిబ్బంది చాలినంతగ పరిశీలింపలేదు. దిగుడునకు వారు ఎంచుకొన్న పద్ధతియు అనుకూలమైనది కాలేదు.

రెండవ తెగ పరిశీలనకు సంబంధించినది. తుది యవతరణబిందువున ఎత్తును సరిచూచుకొనవలెనను నియమము పాటింపబడలేదు. అయితే సిబ్బంది వాడిన పటమున ఆ బిందువు గుర్తింపబడి యుండకపోవుటయు నిజమే. దారిలోని సంకేతస్థానములను దాటునప్పుడు ఒకరికొకరు బిగ్గరగ చెప్పుకొనవలసిన మాటలు చెప్పుకొనలేదు. రన్‌వేను బట్టి విమానస్థానమును చిత్రించి చూపు తెర యెదుటనే యున్నను దానిని గమనింపలేదు. సూచిక నడిమికి వచ్చిన క్షణమునుండి తక్కిన సాక్ష్యములన్నియు మరుగున బడినవి.

మూడవది మానసికస్థితి. రాత్రివేళ, దీర్ఘమైన పనికాలము, రెండవ శ్రేణి అవతరణపు కష్టము, సరిదిద్దబడని యెత్తు, దానిపై రేగిన యుద్వేగము, ఇవన్నియు గలసి సిబ్బంది మనస్సులపై భారము మోపినవి. ఉద్విగ్నమైన మనస్సు తాను కోరుకొనిన సమాచారమును త్వరగా నమ్మును. చిరకాలము ఎత్తుగనున్నామన్న చింతతో నుండినవారికి, వాలు దొరకినదన్న సూచన కలిగించిన యూరటయే దానిని శంకింపనీయలేదేమో యని తలంచుటకు అవకాశమున్నది.

నాల్గవది వ్యవస్థకు సంబంధించినది. విమానములు నిర్ణీతమార్గమునుండి తొలగుటను గమనించు పరికరములు టవర్ కంట్రోలర్లకడ నున్నను, అట్లు గమనింపవలెనని వారి విధులలో వ్రాయబడి యుండలేదు. వ్రాయబడి యుండిన, ఈ విమానము ఎత్తుననున్నదన్న ఒక్కమాట చెప్పగల కన్ను నేలమీద నొకటి యుండెడిది.

యంత్రనిర్మాణమును గూర్చిన ప్రశ్న

నిందనంతయు మృతులైన పైలట్లపై మోపి చేతులు కడిగికొనుట న్యాయము కాదు. నివేదికయు అట్లు చేయలేదు. సంకేతము పోయి ఆటోపైలట్ తన యంతట తాను 3 డిగ్రీల రేఖపై దిగుచున్నను, స్వయంచాలక అవతరణము సిద్ధముగ నున్నదని తెలుపు ఆకుపచ్చని సూచన అట్లే నిలిచియుండెను. జాగ్రత్తను గోరు హెచ్చరికలు వచ్చినవేకాని, తక్షణమే పైకి లేవుడని యాజ్ఞాపించు ఎఱ్ఱని హెచ్చరిక రాలేదు. అట్టి యేర్పాటే ఆ విమానరకమునందు లేదు. ఒకవైపు సర్వము సిద్ధమను ఆకుపచ్చ వెలుగు, మరియొకవైపు జాగ్రత్త యను ధ్వని, ఇట్టి పరస్పర విరుద్ధమైన మాటలను అలసిన మనుజునికి కొలది క్షణములలో వినిపించి సరియైన నిర్ణయమును అతనినుండి గోరుట యెంతవరకు సమంజసము? యంత్రమునకు తెలిసిన అనిశ్చితిని మనుజునికి దాచకుండ తెలుపుట నిర్మాతల ధర్మము.

భూసామీప్యమును హెచ్చరించు యంత్రము 1974లో వాషింగ్టన్ నగరసమీపమున జరిగిన దుర్ఘటన తరువాత అమెరికాలో తప్పనిసరి చేయబడి, పిమ్మట లోకమంతట వ్యాపించి, అసంఖ్యాక ప్రాణములను గాపాడినది. కాని చక్రములు దింపి విమానాశ్రయసమీపమున దిగుచున్న విమానము నేలను చేరుటనే యుద్దేశించినది గనుక, ఆ దశలో నేల దాపునకు వచ్చుట మాత్రమే ప్రమాదముగ యంత్రమునకు దోపదు. రక్షణయంత్రము చూపు మందగించు సరిగా ఆ కొలది క్షణములలోనే మనాస్ విమానము నశించెను.

పోల్పదగిన ఘటనలు

2013 ఆగస్టు 14వ తేదీ తెల్లవారకముందు, అమెరికాలోని లూయివిల్ నుండి అలబామా రాష్ట్రమునందలి బర్మింగ్‌హామ్‌కు వచ్చిన యూపీఎస్ సంస్థ సరకు విమానము, ఎయిర్‌బస్ ఏ300 జాతిది, రన్‌వేను చేరకముందే కొండనేలను తాకి కూలెను, పైలట్లిద్దరును మరణించిరి. ప్రధానమైన రన్‌వే మరమ్మతులకై మూసియుండుటచే, గ్లైడ్‌స్లోప్ లేని చిన్న రన్‌వేపై వారు దిగవలసివచ్చినది. కంప్యూటరునందు మార్గము సరిగా క్రమపరుపబడక వాలు సూచన నిరర్థకమయ్యెను. కెప్టెన్ దిగుడువేగమును హెచ్చించెను. దాటరాని కనీసోన్నతిని దాటినను ఇద్దరిలో ఎవరును గమనింపలేదు. మేఘములు పైననే తొలగునన్న యంచనాయు, సిబ్బంది యలసటయు తోడ్పడినవి. బర్మింగ్‌హామ్ విమానము రన్‌వేకు ఈవల గూలినది, మనాస్ విమానము ఆవల గూలినది; ఐనను ఎత్తును దూరముతో సరిచూడకపోవుటయే రెంటికిని సమానమగు మూలము.

అదే 2013 మే నెలలో నెదర్లాండ్స్ దేశపు ఐంధోవెన్ విమానాశ్రయమునకు దిగుచున్న ప్రయాణికుల విమానమొకటి పైనుండి వాలును అందుకొనబోయి మిథ్యాసంకేతములో జిక్కగా, ఆటోపైలట్ దాని ముక్కును ఆకస్మికముగ పైకెత్తెను. వేగము ప్రమాదకరముగ తగ్గెను. పైలట్లు వెంటనే గో-అరౌండ్ చేసి సురక్షితముగ దిగిరి. డచ్ భద్రతామండలి దీనిని విచారించి, మిథ్యా గ్లైడ్‌స్లోప్‌వలన విమానములు ఊహింపరానట్లు ప్రవర్తింపగలవని లోకమును హెచ్చరించెను. మనాస్ దుర్ఘటనకు మూడేండ్లకు పైగా పూర్వమే ఈ యపాయము విదితమైయుండెనన్నది మరువరాదు.

నివారణోపాయములు

వాలు దొరకినదని సూచిక చెప్పగనే, ఎత్తును దూరమును బిగ్గరగ చదివి సరిచూచుకొనుట పైలట్లిరువురి నిత్యవిధి కావలెను. నిర్ణీతస్థానమున నిర్ణీతమైన యెత్తున లేని విమానమును వాలుకై వెంబడింపక, ఆదిలోనే మరల చుట్టుద్రిప్పి తెచ్చుట అవమానముగ గాక వృత్తినైపుణ్యముగ గౌరవింపబడవలెను. గో-అరౌండ్ చేసిన పైలట్‌ను ఆలస్యమునకు ప్రశ్నింపని సంస్థయే ఇట్టి గౌరవమును నిజముగ పాటించినదగును. అవతరణ పటములపై తుది యవతరణబిందువు, అక్కడి యెత్తు స్పష్టముగ ముద్రింపబడవలెను. పరికరములు చూపుచున్న మార్గభ్రంశమును కంట్రోలర్ చూచి చెప్పవలెనని విధులలో వ్రాయవలెను. సంకేతము పోయిన ఆటోపైలట్ ఆ సంగతిని దాచక ఎఱ్ఱని హెచ్చరికగ వెల్లడింపవలెను.

ఇండ్ల సంగతియు ఉన్నది. అంతర్జాతీయ నియమములు రన్‌వే తుదకు ఆవల ఖాళీగ నుంచవలసిన భద్రతాభూమికి 240 మీటర్ల పొడవును సిఫారసు చేయుచున్నవి. డాచా-సూ దానికి చాల దూరముననున్నను, విమానములు దిగు రేఖపైననే యున్నది. ఆకాశములోని పొరపాటునకు ఏ సంబంధమును లేక నిద్రించుచున్న 35 మంది ప్రాణములు పోయినవన్న నిజము, విమానాశ్రయముల తుదలయందు జనావాసములను అనుమతించు నగరపాలకులు నిత్యము స్మరింపవలసినది.

పొగమంచు ఈ దుర్ఘటనకు సందర్భమే గాని కారణము గాదు. అదే మంచులో, అదే సాధనములతో, ప్రతి శీతకాలమున వేలకొలది విమానములు క్షేమముగ దిగుచున్నవి. వానిని గాపాడుచున్నది, ఒక సూచిక యెంత నిశ్చయముగ జెప్పినను దానిని మరియొకదానితో సరిచూచి, రెండును కలియనిచో దిగననుటకు వెనుదీయని క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణ పైలట్ యొక్కనిది మాత్రమే కాదు. పటము వ్రాయువాడు, యంత్రము నిర్మించువాడు, టవర్ నందుండి గమనించువాడు, పనివేళలు నిర్ణయించువాడు, వీరందరును తమతమ వంతున దానికి బాధ్యులు. మనాస్‌లో వీరిలో ఏ యొక్కరి యేర్పాటైనను సరిగా నుండినచో ఆ విమానము మరల పైకి లేచి, రెండవమారు క్షేమముగ దిగియుండెడిది.